బెజవాడ బీసెంటు రోడ్డు



ఊళ్ల పేర్లను గూర్చి మనలో విచారించినవారు పెక్కుమంది కలరు. చెఱువు పేరనో, చెట్టు పేరనో, గ్రామదేవత పేరనో ఊరు వెలయును. దానికి స్థలపురాణ మొకటి తోడగును. వీథుల పేర్లను గూర్చి మాత్ర మంతగా విచారింపము. ఊరి పేరు తనంతఁ దాను పుట్టినట్లుండును గాని, వీథి పేరు మనుష్యులు తెలిసి పెట్టునది. ఎవరో నలుగురు కూర్చుండి, ఈ దారికి వీరి పేరని నిర్ణయింతురు. ఆ నిర్ణయములో ఆ కాలమువారి భయభక్తులును, కృతజ్ఞతయు, ఒక్కొక్కప్పుడు స్వకార్యమును గూడఁ గనఁబడును.

మా ఓరుగల్లునే చూడుఁడు. కాకతీయుల నాఁటి ఓరుగంటి వీథులలో మంచనశర్మయు టిట్టిభసెట్టియు నను మిత్రు లిరువురు ఒక దినమెల్లఁ దిరిగిన కథ క్రీడాభిరామమున నున్నది. తరువాతి ప్రభువుల కాలమునఁ బారసీక పదములు వచ్చి చేరినవి. హనుమకొండలో లష్కరు బజారు కలదు, లష్కరనఁగా సేన. సుబేదారి కలదు, అది నిజాము రాజ్యపు సుబేదారుని తావు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వరంగల్లు బజారులో నొక దారికి జయప్రకాశ నారాయణుని పేరు వచ్చినది. జనులు దానిని జె.పి.ఎన్. రోడ్డని మూఁ డక్షరములతో ముగింతురు. హంటరు రోడ్డనునది మఱియొకటి. దినమునకు వేలమంది ఆ పేరు చెప్పి ఆటో లెక్కుదురు. ఆ హంటరెవరని అడుగువాఁ డరుదు. నేను ముప్పది యేండ్లకుఁ బైగాఁ బాఠశాలలోఁ జదువు చెప్పితిని. ఒక్క విద్యార్థియు నన్నీ ప్రశ్న యడుగలేదు.

పరదేశీయుల పేర్లు తెలుఁగు నేలకుఁ గ్రొత్తవి కావు. బందరులో వలందపాలెమున్నది, హాలండు దేశపు వర్తకు లుండిన చోటది. గుంటూరిలో బ్రాడీపేటయు అరండల్‌పేటయు ఆంగ్ల దొరల పేళ్లు. హైదరాబాదులోని ఆబిడ్సునకు ఆల్బర్టు ఆబిడను వర్తకుని దుకాణము వలన నా పేరు వచ్చినది. వీరిలోఁ గొందఱు పాలకులు, కొందఱు వ్యాపారులు. తమ యధికారము చేతనో తమ యంగడి చేతనో పేరు నిలుపుకొనిరి. నేఁడు నేను చెప్పఁబోవు వీథి యట్టిది కాదు. ఆంగ్ల ప్రభుత్వమునకు సేవ చేసినందులకుఁ గాక, దాని కెదురు నిలిచి నిర్బంధమునకు లోనైన యొక ఆంగ్లదేశపు రాజకీయ నాయకురాలి పేరు దానికున్నది. అది బెజవాడలోని బీసెంటు రోడ్డు.

ఓరుగల్లు నుండి బెజవాడకు రైలు మార్గము 1889లోఁ బూర్తియైనది. మహబూబాబాదు, డోర్నకలు, ఖమ్మము, మధిర దాఁటి మూఁడు నాలుగు గంటలలోఁ గృష్ణయొడ్డున దిగవచ్చును. పుస్తకములు కొనుటకై నే నా దారినిఁ బలుమాఱులు పోయితిని. ఇంద్రకీలాద్రి నానుకొని యున్న పాత బస్తీని, అనఁగా వన్ టౌనును, విడిచి రైలుకట్టకుఁ దూర్పునకు వచ్చినచో గవర్నరుపేట. 1855 నాఁటికిఁ గృష్ణకు ఆనకట్ట ముగిసిన పిదప నది నుండి చీలిన కాలువలు ఊరి నడుమనే పాఱుచున్నవి. ఆ కాలువలు పోవు దెసలనే రెండు పెద్దదారులు సాగినవి: ఒకటి బందరుకు, ఒకటి ఏలూరునకు.

ఈ రెంటికిని దర్వాత వేఱు పేళ్లు వచ్చినవి. బందరు రోడ్డు మహాత్మాగాంధి రోడ్డైనది. ఏలూరు రోడ్డు కారల్ మార్క్సు రోడ్డైనది. మార్క్సు 1818లో జర్మనీ దేశమునఁ బుట్టి 1883లో లండనులో మరణించినవాఁడు. భారతదేశమును గన్నులఁ జూచినవాఁడు కాఁడు. అయినను 1853లో అమెరికా పత్రిక కొకదానికి భారతదేశమును గూర్చి వ్యాసములు వ్రాసి, మన నేఁతగాండ్ర బ్రదుకు ఆంగ్లేయుల యంత్రపు బట్టచేత నెట్లు కూలినదో విన్నవించెను. ఆంధ్రదేశపు కమ్యూనిస్టులకు బెజవాడ ముఖ్యస్థానము గాన, ఆయన పేరిక్కడికి వచ్చుట వింత కాదు. మీ యింట విజయవాడలో నచ్చైన పుస్తకమున్నచో ముఖపత్రము వెనుకపుట తెఱచి చూడుఁడు. ప్రకాశకుల చిరునామాలో కారల్ మార్క్సు రోడ్డనుమాట తఱచుగాఁ గనఁబడును. పంచాంగములు, శతకములు, స్తోత్రమాలలు సైతము నాస్తికుని పేరిఁటి వీథి నుండి మన దేవుని గూళ్లకు వచ్చుచున్నవి! కాని రిక్షావాని నడిగిన నిప్పటికిని ఏలూరు రోడ్డే.

గాంధి పేరి దారికిని మార్క్సు పేరి దారికిని నడుమ వంతెన వేసినట్లున్నది బీసెంటు రోడ్డు. పొడవు గొప్పది కాదు, వెడల్పు నంతకంటెఁ గాదు. ఇరుప్రక్కల దుకాణములు, వాని ముందు తోఁపుడు బండ్లు, బండ్ల ముందు నేలపైఁ బఱచిన పట్టాలు, వీని నడుమ మిగిలిన జానెఁడు దారిలో జనము. చీరలు, చిన్నపిల్లల చొక్కాలు, చెప్పులు, గాజులు, సంచులు, తలపిన్నులు, గొడుగులు. వస్తువు కొనువారు నలుగురైనఁ జూచువారు నలువదిమంది. పండుగ దినములలోఁ గాలు మోపుటకుఁ జోటుండదు. వేయి రూపాయల వస్తువును వంద కడుగుటకు సిగ్గుపడనివారును, ఆ మాటకుఁ గోపింపక నవ్వి నూటయేఁబదికిచ్చు వారును నిక్కడఁ గలరు. పెద్ద పెద్ద గాజు దుకాణములు నగరమంతటను లేచిన యీ దినములలోను ఆ వీథి జనాకర్షణ తగ్గలేదు. బేరమాడుట యనునది మాటల వేడుక. గాజు దుకాణమున నా వేడుక కొఱఁతవడును.

ఒకమా ఱక్కడ గొడుగు కొనుచు, "బాబూ, బీసెంటనఁగా నెవరు?" అని అంగడివాని నడిగితిని. "మనిషి కాదండి, స్థలం లెక్క. ఏ సెంటు, బీ సెంటు అని ఎప్పుడో పంచి ఉంటారు" అని యాతఁడు నిశ్చయముగాఁ బలికెను. భూమిని సెంట్లలోఁ గొలుచు దేశమున ఇంతకంటె యుక్తమైన వ్యుత్పత్తిని నిఘంటుకర్తలు సైతము చెప్పలేరు. ప్రక్కనున్న బండి యామె, "కాదు, అనిబిసెంటమ్మ" అని సరిదిద్దినది. అమ్మ యని యెవ్వరును జెప్పక యే చేర్చినందులకు నాకు సంతోషము కలిగినది.

ఆ యమ్మను గూర్చి చెప్పెదను. ఆనీ బీసెంటు 1847 అక్టోబరు 1వ తేదీని లండనులోఁ బుట్టినది. పూర్వులది ఐర్లండు సంబంధము. పుట్టింటి పేరు వుడ్. బీసెంటనునది క్రైస్తవ మతాచార్యుఁడగు భర్త యింటిపేరు. మతవిషయమున నామెకు సంశయములు పుట్టినవి. 1873లో దంపతులు విడిపోయిరి. ఆమె విడిచి వచ్చిన యింటి పేరే నేఁడు బెజవాడ వీథికి మిగిలినది. ఇట్టి విచిత్రములు చరిత్రలోఁ దఱచు.

అటుపిమ్మట నామె నాస్తికవాదినియై, ఆపై సామ్యవాదినియై, కూలివారి పక్షమున నిలిచినది. లండనులో నొక యగ్గిపెట్టెల కర్మాగారమున ఆఁడుపిల్లలు దినమునకుఁ బదునాలుగు గంటల వఱకుఁ బని చేసెడివారు. కూలి స్వల్పము; చిన్న తప్పులకు జరిమానాలు; తెల్ల భాస్వరపు విషముచేత దవడ యెముకలు కుళ్లెడివి. 1888 జూనులో నామె యీ సంగతులను బత్రికలోఁ బ్రకటించినది. తరువాతి నెల సుమారు 1,400 మంది పనివారు పని మానిరి. వారిలోఁ బెక్కండ్రు స్త్రీలు. ఆమె వారికి నిధి సమకూర్చి తోడు నిలిచినది. జరిమానాలు తొలఁగినవి, సంఘ మేర్పడినది. అగ్గిపుల్ల గీచునపుడు దాని వెనుక నింత కథ యున్నదని మనము తలఁపము.

1889లో నామె దివ్యజ్ఞాన సమాజమునఁ జేరినది. 1893 నవంబరులో నలువదియాఱేండ్ల వయస్సున మన దేశమునకు వచ్చినది. 1898లోఁ గాశిలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించినది. ఆ కళాశాలయే తరువాత మాలవీయపండితుని కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు మొదటి దుంప యైనది. భగవద్గీతను ఆంగ్లమునకుఁ దెచ్చినది. 1907 నుండి దివ్యజ్ఞాన సమాజమున కధ్యక్షురాలై మద్రాసు చేరువ అడయారున నివసించినది.

తెలుఁగువారితో నామె సంబంధము మదనపల్లె వలన ముడిపడినది. అక్కడ 1895లోఁ బుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్మునిని నామె తన సంరక్షణమునకుఁ దీసికొనెను. ఈ బాలుఁడు జగద్గురువు కాఁగలఁడని సమాజమువారి నమ్మకము. తండ్రి నారాయణయ్యగారు మొదట సమ్మతించి, పిదప బిడ్డలను దనకుఁ దిరిగి యిప్పింపుఁడని 1912లో మద్రాసు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. మద్రాసులోఁ దండ్రి గెలిచెను; 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలున నామె గెలిచెను. ఆ తండ్రి పక్షమున నా మనస్సు నేఁటికిని మొగ్గును, దాఁచుట యేల? కృష్ణమూర్తిగా రైతే 1929లో గురుపీఠమును దామే త్రోసిపుచ్చి, తనకై కట్టిన సంఘమును రద్దుచేసిరి. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల యేర్పడినది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడికి విచ్చేసి, జనగణమన గీతమును ఆంగ్లమునకు మార్చినది ఆ కళాశాలలోనే.

ఇఁక రాజకీయము. 1916 సెప్టెంబరులో నామె మద్రాసులో హోంరూలు లీగును స్థాపించినది. హోంరూలనఁగా మన యింటిని మనమే యేలుకొనుట. తిలకు మహాశయుఁ డంతకు ముందు ఏప్రిలు నెలలోనే పశ్చిమమున నట్టి లీగునే నెలకొల్పియుండెను. ఆమె లీగు తెలుఁగు జిల్లాలకు వ్యాపించినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రిక్కడఁ గార్యదర్శియై పాటుపడిరి. మా నిజాము రాష్ట్రమున నా దినములలో నిట్టి సభలకుఁ దావు లేదు. 1917 జూనులో మద్రాసు ప్రభుత్వ మామెను, ఆమె సహచరులగు అరండేలును, వాడియాను ఉదకమండలమున నిర్బంధించినది. అప్పటి కామె డెబ్బదికిఁ జేరువ. దేశమంతయు నుడికినది. న్యాయమూర్తిగాఁ బనిచేసిన సుబ్రహ్మణ్యయ్యరుగారు అమెరికా అధ్యక్షునకు లేఖ వ్రాసి, దానిపై గలభ పుట్టఁగాఁ దమ సర్ బిరుదమును ద్యజించిరి. సెప్టెంబరులో ప్రభుత్వ మామెను విడిచిపెట్టినది. ఆ డిసెంబరులోఁ గలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభ కామె అధ్యక్షురాలు. ఆ పీఠ మెక్కిన మొదటి స్త్రీ యామెయే.

మీ రిప్పుడు వినవలసిన సంగతి యొకటి కలదు. ఆ దినములలోఁ దెలుఁగు జిల్లాలు మద్రాసు రాజధానిలోఁ దమిళులతోఁ గలిసియుండెను. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభ నాఁటి నుండి తమకు వేఱు రాష్ట్రము కావలయునని ఆంధ్రులు కోరుచుండిరి. కనీసము కాంగ్రెసులోనైన ఆంధ్రమునకు వేఱు శాఖ యుండవలయునని వారు కలకత్తాలోఁ బట్టుపట్టిరి. దానిని గట్టిగా నెదిర్చినది ఆనీ బీసెంటే! గాంధిగారు సైతము కొంతకాల మాగుట మేలనిరి. తిలకుఁడు మన పక్షమును బూనెను. కట్టకడపట మన కోరిక నెఱవేఱి, 1918 జనవరిలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము న్యాపతి సుబ్బారావుగారి యధ్యక్షతన, కొండ వెంకటప్పయ్యగారి కార్యదర్శిత్వమున నేర్పడినది. నాఁడు కాదన్న యామె పేరు ఆంధ్రుల నడిబొడ్డైన బెజవాడలో వీథికి నిలిచినది. కాంగ్రెసులోఁ దొలుత నైన యా విభాగమే 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు దారి తీసినది.

గాంధిగారితోను నామెకుఁ బొసఁగలేదు. 1916 ఫిబ్రవరిలోఁ గాశీ హిందూ విశ్వవిద్యాలయపు ప్రారంభోత్సవమున, సంస్థానాధీశుల రత్నాభరణములను గాంధిగా రధిక్షేపించి ప్రసంగించుచుండఁగా, ఇఁకఁ జాలింపుఁడని యామె వారించినది. 1920లో సహాయనిరాకరణమును నామె యొప్పుకొనలేదు. చట్టమును మీఱుట యరాజకమునకు దారియని యామె భయము. దేశ మా మాట వినక గాంధి వెంటఁ బోయినది. 1917లో హోంరూలు పక్షమువారు ఎఱుపు పచ్చ చాఱలతో, ఏడు నక్షత్రములతో నొక జెండాను ఎత్తియుండిరి. దాని మూల బ్రిటిషు జెండా గుర్తు నుండెను. 1921లో బెజవాడలో నఖిలభారత కాంగ్రెసు సంఘము కూడినపుడు పింగళి వెంకయ్యగారు గాంధిగారికి వేఱు జెండా నర్పించిరి. బ్రిటిషు గుర్తుతో నున్న జెండా కాలము చెల్లినది. ఆమె యా పిదపను బార్లమెంటుమార్గముననే పాటుపడి, 1933 సెప్టెంబరు 20న అడయారున దేహము చాలించెను.

మన ధర్మశాస్త్రములలో ఋణములను గూర్చి చెప్పుదురు. ఋణదాతతో మన కన్ని విషయములలో నేకాభిప్రాయ ముండవలయునని యే స్మృతియుఁ జెప్పలేదు. అప్పిచ్చినవాఁడు మన యింటి పెండ్లిలో నలిగి కూర్చుండినను అప్పు అప్పే. బెజవాడవారు చేసినది సరిగా నిదియే. ఆంధ్రశాఖ వలదన్న మాట నొక ప్రక్కనుంచి, మనకొఱకు నిర్బంధమున నున్న యా ముదుసలి పేరును వీథికిఁ బెట్టిరి. గాంధి వీథికిని మార్క్సు వీథికిని నడుమ, గాంధితోఁ బొసఁగని యామె పేరు నిలిచినది. మార్క్సు కూఁతు రెలియనోరునకు సైత మామె గిట్టదు!

వీథికి విదేశీయుల పేరు పెట్టు వాడుక యిప్పటికి నాఁగలేదు. 2025 డిసెంబరులో మన తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులో అమెరికా దౌత్యకార్యాలయము ప్రక్కనున్న దారికి డొనాల్డు ట్రంపు పేరును బ్రకటించినది. ఆయన అమెరికా అధ్యక్షపదవిలో నుండఁగనే యీ ప్రకటన వచ్చినది. దానివలన మన పిల్లలకుఁ బెట్టుబడులు, ఉద్యోగములు వచ్చునని కోరువారిని నేను నిందింపను. కాని రాఁబోవు మేలునకు ముందుగా నిచ్చు కానుక వేఱు, పొందిన మేలునకుఁ బిదపఁ దెలుపు కృతజ్ఞత వేఱు. మొదటిది బయానా, రెండవది ఋణము తీర్చుట. బయానా యిచ్చినవాఁడు సరకు కొఱకు వేచియుండవలయును.

అయితే పేరు పెట్టుటతోనే పని ముగిసెనా? బీసెంటు రోడ్డున నన్ను వేధించినది పేరు కాదు, ఆ పేరు మనుష్యునిదని తెలియమి. నా సలహా చిన్నది. వీథికి రెండు చివరలను, గాంధి దారి కలియుచోట నొకటి, మార్క్సు దారి కలియుచోట నొకటి, రాతిపలక నిలిపి, పెద్ద తెలుఁగక్షరములలో నాలుగు పంక్తులు చెక్కింపవలయును. ఆమె యెప్పుడు పుట్టినది, అగ్గిపుల్లల పిల్లలకై యేమి చేసినది, 1917లో నేల నిర్బంధింపఁబడినది, ఆంధ్రశాఖ నెట్లు కాదన్నది — ఈ నాలుగు. కడపటిదానిని దాఁపవలదు. మా ఓరుగల్లులోను జె.పి.ఎన్. రోడ్డు మొదలుకొని ప్రతి వీథికి నిట్టిపని జరుగఁదగును. పురపాలక సంఘములవారికిఁ దీఱికలేనిచో, ఆ వీథి వర్తకసంఘములే చందా వేసికొనవచ్చును. రాతిపనివాండ్రకు మనయూళ్లలోఁ గొదువ లేదు.

అంతవఱకు మీరు కనకదుర్గమ్మ దర్శనమునకు బెజవాడ పోయినపుడు, పిల్లల నొకసారి యా వీథికిఁ దోడ్కొనిపొండు. ఉదయము పది గంటలకు ముందు పోవుట మేలు. తోఁపుడు బండ్లింకను నిండుగా రావు. దుకాణముల నామఫలకముల యడుగున వీథి పేరు వ్రాసియుండును. దానిని మీరు చదువక, పిల్లలచేఁ జదివింపుఁడు. ఎవరని వారే యడుగుదురు.